మెటల్ అభిమానుల సైటు: రూపు చెడకుండా వాడకాన్ని పరీక్షించడం ఎలా

మీ ప్రశ్న సారం ఇదీ. దక్షిణ ఒడిశాలో బరంపురం, రాయగడ, గుణుపురం వైపు తెలుగు కుర్రాళ్లు, కొందరు ఒడియా స్నేహితులు కలిసి హెవీ మెటల్ అభిమానుల కోసం ఒక సైటు నడుపుతున్నారు. నల్లటి నేపథ్యం, ముదురు ఎరుపు అక్షరాలు, ముళ్ల లోగో, తెరవగానే మోగే పాట. బ్యాండ్ల పేజీలు, కార్యక్రమాల పట్టిక, పాత గిటార్లూ టీషర్టులూ ఇచ్చిపుచ్చుకునే పేజీ, చర్చల పేజీ ఉన్నాయి. మీలో సగం మంది "ఇదే మన రూపు, ముట్టుకోవద్దు" అంటున్నారు. మిగతా సగం "చదవలేకపోతున్నాం, ఏదీ దొరకడం లేదు" అంటున్నారు. ఎవరి మాట సరైనదో తేల్చే పద్ధతి కావాలన్నారు.

రెండు మాటలూ సరైనవే. మొదటివాళ్లు మాట్లాడేది గుర్తు గురించి, రెండోవాళ్లు మాట్లాడేది పని గురించి. ఒక గుంపుకి చెందిన సైటులో ఈ రెండూ ఉండి తీరాలి. చూడగానే "ఇది మనవాళ్లది" అనిపించాలి, వచ్చిన పని అయిపోవాలి. గుర్తు మోసే భాగమే పని కూడా చేయాల్సి వచ్చిన చోట గొడవ మొదలవుతుంది. కాబట్టి "సైటు బాగుందా" అని మొత్తంగా అడగకండి. ఒక్కో భాగాన్ని తీసుకుని అది గుర్తు కోసం ఉందా, పని కోసం ఉందా అని అడగండి.

దీనికి కాగితం చాలు. ఎక్కువగా తెరిచే ఐదు పేజీల స్క్రీన్‌షాట్లు ఫోను వెడల్పులో తీసి ప్రింటు వేయించండి. గుర్తు మోసే భాగాల చుట్టూ ఒక రంగు పెన్నుతో, పని చేసే భాగాల చుట్టూ ఇంకో రంగుతో గీయండి. ముగ్గురు విడివిడిగా గీసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి పడ్డ చోట్లే మీ అసలు సమస్యలు. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్లలో అలాంటివి మూడు కనిపిస్తున్నాయి: మెనూ, బ్యాండ్ల పేర్లు, వ్యాసాల అక్షరాలు. లోగో, పేజీ అంచుల్లోని ముళ్ల తీగ పూర్తిగా గుర్తు కోసమే ఉన్నాయి, ఎవరి పనికీ అడ్డు రావడం లేదు. వాటి జోలికి ఎవరినీ రానివ్వకండి.

ఈ రూపు ఎక్కడ పుట్టిందో గుర్తుంచుకుంటే నిర్ణయాలు తేలికవుతాయి. 1980ల్లో, 1990ల మొదట్లో ఈ సంగీతంలోని మరింత తీవ్రమైన శాఖలు క్యాసెట్లు చేతులు మారుతూ, జెరాక్స్ తీసిన చిన్న పత్రికల ద్వారా వ్యాపించాయి. చవక జెరాక్సులో బూడిద రంగులు నిలవవు, నలుపూ తెలుపే మిగులుతాయి. చదవడానికి వీల్లేని లోగోలు కూడా ఆ కాలంలోనే బలపడ్డాయి. నార్వే బ్యాండ్ ఎంపరర్ లోగో గీసిన బెల్జియం చిత్రకారుడు క్రిస్టోఫ్ స్పాయ్‌డెల్ లాంటివాళ్లు వాటిని ఒక కళగా మార్చారు. ఆ లోగోలు పోస్టరు మీద, రికార్డు అట్ట మీద, టీషర్టు మీద ఉండేవి. అభిమాని వాటిని అక్షరం అక్షరం చదవడు, ఆకారాన్ని గుర్తుపడతాడు. రెండు వందల బ్యాండ్ల జాబితాలో ఒక పేరు వెతుక్కునే పని పోస్టరుకి ఎప్పుడూ పడలేదు, సైటుకి పడుతుంది. 2002లో మొదలైన ఎన్‌సైక్లోపీడియా మెటాలమ్ అనే మెటల్ బ్యాండ్ల సమాచార సైటు ఒకసారి తెరిచి చూడండి. ప్రతి బ్యాండ్ పేజీలో లోగో బొమ్మగా ఉంటుంది, పేరు మాత్రం మామూలు అక్షరాల్లో విడిగా ఉంటుంది. దేశం, ప్రస్తుత స్థితి, మొదలైన సంవత్సరం, శైలి ఒకే వరసలో ఉంటాయి. దాన్ని చూసి ఇది మెటల్ సైటు కాదని ఎవరూ అనరు.

రంగులు

ఇక్కడ వాదన అక్కర్లేదు, లెక్క ఉంది. అక్షరం రంగుకీ వెనుక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి 1 నుంచి 21 దాకా ఉంటుంది. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. 24 పిక్సెళ్లకు తగ్గని పెద్ద శీర్షికలకు, గుర్తులకు, ఖాళీ పెట్టెల అంచులకు 3 చాలు. మీరు వాడిన ముదురు ఎరుపు, అంటే ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) 139, 0, 0, పూర్తి నలుపు మీద సుమారు 2.1 మాత్రమే ఇస్తుంది. శీర్షికకు కూడా చాలదు. "చదవలేకపోతున్నాం" అన్నవాళ్ల ఫిర్యాదులో పెద్ద వాటా దీనిదే. పూర్తి ఎరుపు 255, 0, 0 పెడితే 5.25 వస్తుంది, లెక్కకు నెగ్గుతుంది. కానీ పేరాలు పేరాలు పూర్తి ఎరుపులో చదవడం కళ్లకు శిక్ష. పైగా ఎరుపు సరిగా కనిపించని రకం వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు ఎరుపు ఇంకా చీకటిగా కనిపించి నలుపులో కలిసిపోతుంది. ఇది మగవాళ్లలో ఎక్కువ. మీ పాఠకుల్లో ఎక్కువమంది కుర్రాళ్లే కాబట్టి దీన్ని పక్కన పెట్టడానికి లేదు.

మార్చాల్సింది కొంచెమే. నేపథ్యాన్ని 0, 0, 0 నుంచి 18, 18, 18కి జరపండి, కంటికి అది ఇంకా నలుపే. వ్యాసాల అక్షరాలు 200, 200, 200 బూడిద రంగులో పెడితే నిష్పత్తి సుమారు 11 వస్తుంది. తెల్లటి తెలుపు వద్దు. ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉన్నవాళ్లకు పూర్తి నలుపు మీద పూర్తి తెలుపు అక్షరాల చుట్టూ మసక వెలుగు కమ్ముతుంది. లింకులు ఎర్రగానే ఉండాలంటే 230, 70, 70 వాడండి, ఆ నేపథ్యం మీద 4.7 దాటుతుంది. దాంతోపాటు కింద గీత కూడా ఉంచండి, రంగు ఒక్కదాని మీద ఆధారపడకూడదు. మీకు ఇష్టమైన ఆ నెత్తుటి ఎరుపుని పారేయనక్కర్లేదు. దాన్ని బటన్ల లోపల నింపి, పైన 200, 200, 200 అక్షరాలు పెడితే నిష్పత్తి దాదాపు 6. చుట్టూ సన్నటి బూడిద గీత ఇవ్వండి, లేకపోతే బటన్ ఆకారం నేపథ్యంలో కలిసిపోతుంది.

లెక్క అయ్యాక ఒకసారి మధ్యాహ్నం ఎండలో, ఫోను వెలుగు సగానికి తగ్గించి చూడండి. నల్లటి తెర అద్దంలా మొహాన్ని చూపిస్తుంది. రాత్రి గదిలో కూర్చుని రంగులు ఎంచుకున్నవాళ్లకు ఈ సంగతి తట్టదు. మీ పాఠకులు చూసేది బస్టాండులోనూ కాలేజీ మెట్ల మీదనూ.

లిపి

మీ సైటులో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఇంగ్లిష్ మెటల్ సైటు టెంప్లేటు తెచ్చి అందులో తెలుగు నింపారు. ఆ ముళ్ల ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. బ్రౌజరు తెలుగు కనపడగానే ఫోనులో ఉన్న మామూలు ఫాంటుకి మారిపోతుంది. అందుకే మీ శీర్షికల్లో ఇంగ్లిష్ మాట భయంకరంగా, పక్కనే తెలుగు మాట బ్యాంకు నోటీసులా కనిపిస్తోంది. రూపు గురించి అంత పట్టుదల ఉన్నవాళ్లు మొదట సరిచేయాల్సింది ఇదే.

గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. రామభద్ర, రవిప్రకాష్ బొద్దుగా ఉంటాయి, శీర్షికలకు నిలబడతాయి. వ్యాసాలకు నోటో శాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టండి. ఒడియాకి నోటో శాన్స్ ఒరియా సరిపోతుంది. శీర్షికలకు ఒకటి, వ్యాసాలకు ఒకటి, అంతకు మించి ఎక్కించకండి. ఒత్తుల వల్ల, గుణింతాల వల్ల తెలుగు ఫాంటు ఫైలు రోమన్ ఫాంటు కంటే పెద్దది.

తర్వాత సీఎస్ఎస్, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడు చూడండి. ఇంగ్లిష్ శీర్షికలకు అలవాటుగా పెట్టే లెటర్-స్పేసింగ్ తెలుగులో అక్షరాల మధ్య కృత్రిమంగా ఖాళీలు పెట్టి మాటను ముక్కలు చేస్తుంది. తెలుగుకీ ఒడియాకీ అది సున్నా ఉండాలి. టెక్స్ట్-స్ట్రోక్‌తో అంచు గీస్తే కొన్ని ఫాంట్లలో అక్షరం భాగాలు ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలన్నీ బయటపడతాయి. ఇటాలిక్ పెడితే తెలుగుకి అసలైన ఇటాలిక్ ఉండదు కనుక బ్రౌజరే అక్షరాన్ని పక్కకు వంచేస్తుంది. వరసల రెండు అంచులూ సమం చేసే జస్టిఫై వద్దు. తెలుగు మాటలు పొడుగు, 360 పిక్సెళ్ల తెర మీద వరసకు మూడు నాలుగు మాటలే పడతాయి, మధ్యలో గోతులు మిగులుతాయి.

లైన్-హైట్, అంటే అక్షరం కొలతతో పోలిస్తే వరస ఎత్తు, మీ దగ్గర 1.2 ఉన్నట్టుంది. ఇంగ్లిష్‌కి అది సరిపోవచ్చు. తెలుగులో పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకుతాయి. వ్యాసాల్లో 1.6 నుంచి 1.8 మధ్య, శీర్షికల్లో 1.4 తగ్గకుండా ఉంచండి. బటన్లలో ఎత్తు బిగించి, బయటికి పొంగిన భాగాన్ని (ఓవర్‌ఫ్లో) దాచేస్తే కింది ఒత్తు సగానికి తెగుతుంది. పరీక్షకి "ఆర్కెస్ట్రా", "రాష్ట్రం", "శ్రీకాకుళం", "స్క్రీన్" అనే మాటలు ప్రతి బటన్లో, ప్రతి శీర్షికలో ఒకసారి పెట్టి చూడండి. "స్ట్రా" కింద రెండు ఒత్తులూ పూర్తిగా కనిపిస్తే ఆ భాగం నెగ్గినట్టే.

మీ పేరును తెలుగులో ముళ్ల లోగోగా గీయించాలనుకుంటున్నామన్నారు. చాలా మంచి ఆలోచన, కానీ చేత్తో గీయించండి, ఫాంటుకి ఎఫెక్టు వేసి సరిపెట్టకండి. ముళ్లు ఎక్కడ రావచ్చో ఎక్కడ రాకూడదో గీసే మనిషికి ముందే చెప్పండి. తలకట్టు కొసను ఎంత సాగదీసినా అక్షరం నిలుస్తుంది, దీర్ఘాల తోకలూ అంతే. అక్షరం అడుగున మాత్రం నిలువు ముల్లు దింపకండి. ద, ధ మధ్య తేడా అడుగున ఉన్న ఆ చిన్న గీతే. ప, ఫ మధ్యా, డ, ఢ మధ్యా, చ, ఛ మధ్యా అంతే. అలంకారం అనుకుని దింపిన ముల్లు మాటనే మార్చేస్తుంది. ఒడియాలో పరిస్థితి తలకిందులు. పైనున్న గుండ్రటి వంపు చాలా అక్షరాలకు ఉమ్మడి, తేడా అంతా లోపల, కింద ఉన్న చిన్న భాగంలో ఉంటుంది. కాబట్టి ఒడియా లోగోలో ముళ్లన్నీ పై వంపు మీదకే పోవాలి. వ్యాసాల్లో కూడా తెలుగు 17 పిక్సెళ్లుంటే ఒడియాని ఒక పిక్సెల్ పెంచి చూడండి.

ఇంకొకటి, మన జిల్లాలకు ప్రత్యేకమైనది. మీ పాఠకుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. తెలుగు వింటే పూర్తిగా అర్థమవుతుంది, మాట్లాడగలరు, లిపి మాత్రం కూడబలుక్కుని చదువుతారు. ఫోనులో తెలుగును రోమన్ అక్షరాల్లోనే కొడతారు. వీళ్లు "తెలుగు" బటన్ నొక్కి రెండు వరసలు చదివి వెనక్కి పోతే మీ లెక్కల్లో వాళ్లకు ఆసక్తి లేదన్నట్టు కనిపిస్తుంది. ఆసక్తి ఉంది, లిపి అడ్డం వచ్చింది. భాష మార్చే బటన్ ప్రతి పేజీలో పైన ఒకే చోట ఉండాలి, ఒక్కో భాష పేరు దాని లిపిలోనే ఉండాలి, జెండాలు వద్దు. నొక్కగానే అదే పేజీ ఆ భాషలో రావాలి. ఇప్పుడు మీది మొదటి పేజీకి విసిరేస్తోంది. ఒడియా పాఠం ఇంకా రాయకపోతే ఆ సంగతి ఒక వరసలో చెప్పి తెలుగు పేజీనే చూపండి. ప్రతి భాగానికీ భాషా కోడు సరిగా పెట్టండి, అది లేకపోతే టాక్‌బ్యాక్ లాంటి చదివి వినిపించే సాధనాలు తెలుగును వేరే గొంతుతో చదవబోయి తడబడతాయి.

వెతుకు పెట్టెలో కూడా ఇదే సమస్య. ఒకరు "బరంపురం" అని కొడతారు, ఒకరు "బెర్హంపూర్", ఇంకొకరు "బ్రహ్మపుర్". రోమన్‌లో ఈ మూడింటికీ మళ్లీ నాలుగైదు రకాల స్పెల్లింగులు. జయపురం, పర్లాకిమిడి కూడా అంతే. ఊళ్లకూ బ్యాండ్లకూ మారుపేర్ల పట్టిక ఒకటి తయారుచేసి వెతుకుకి కలపండి. తెలుగులో ఇంకో చిక్కు: "గిటారిస్ట్‌లు" అనే మాటలో ట్ తర్వాత, పక్క అక్షరం ఒత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉంటుంది. కొందరు అది లేకుండా కొడతారు, అప్పుడు ల ఒత్తుగా మారుతుంది. కంప్యూటరుకి ఇవి రెండు వేరు మాటలు. వెతికేముందు ఆ అక్షరాన్ని తీసేసి, రెండు వైపులా పాఠాన్ని యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చాలి.

కార్యక్రమాల పేజీ

పోస్టర్లు డీటీపీ షాపులో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో కొట్టించి బొమ్మగా పెడుతున్నారు. ఆ పాఠాన్ని నేరుగా అతికిస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి కాబట్టి బొమ్మతో సరిపెట్టుకుంటున్నారని అర్థమైంది. కానీ బొమ్మలోని తేదీని సైటులో ఎవరూ వెతకలేరు, నంబరు తేలిగ్గా కాపీ చేయలేరు, చూపు లేని అభిమానికి ఆ పేజీ ఖాళీ. పోస్టరు ఉంచండి, అది గుర్తు. దాని కిందే మామూలు అక్షరాల్లో ఊరు, వేదిక, తేదీ, తలుపులు తెరిచే సమయం, ముగిసే సమయం, టికెట్ ధర, వయసు పరిమితి రాయండి. అను పాఠాన్ని యూనికోడ్‌కి మార్చే సాధనాలున్నాయి, అయితే ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఒకసారి కళ్లతో చదవాలి. నెల పేరు అక్షరాల్లో రాయండి, 5-6 అని రాస్తే మే ఆరో జూన్ ఐదో తెలియదు. ముగిసే సమయం మామూలుగా ఎవరూ రాయరు. రాయగడ నుంచి విశాఖ వెళ్లి చూసేవాడికి టికెట్ ధర కంటే అదే ముఖ్యం, రాత్రి తిరుగు రైలు అందుతుందో లేదో తేలేది దాంతోనే.

మెనూ, గుర్తులు, శబ్దం

మెనూలో పాత వ్యాసాలకు "శ్మశానం", చర్చలకు "బలిపీఠం", ఇచ్చిపుచ్చుకునే పేజీకి "గుహ" అని పెట్టారు. పేర్లు బాగున్నాయి, ఉంచండి. ప్రతి దాని కింద చిన్న అక్షరాల్లో అసలు అర్థం రాయండి: "శ్మశానం, పాత వ్యాసాలు". కొత్తవాడు ఒకసారి చదివి నేర్చుకుంటాడు, అప్పుడు ఆ మాట అతనిది కూడా అవుతుంది. పుర్రె నొక్కితే మొదటి పేజీ, మంట నొక్కితే కొత్త పోస్టులు అన్నవి మాత్రం మాట తోడు లేకుండా ఉంచకండి. నొక్కే చోటు కొలత డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం కనీసం 24 పిక్సెళ్ల చదరం, బొటనవేలికి సుఖంగా ఉండాలంటే 44. మీ పుర్రెలు మరీ చిన్నవి, పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి నొక్కబోతే ఇంకోటి తగులుతుంది.

తనంతట తాను మోగే పాట తీసేయండి. క్రోమ్ 2018 నుంచే వినియోగదారు తాకకుండా శబ్దం మొదలవడాన్ని చాలావరకు ఆపేస్తోంది, కాబట్టి కొందరికి మోగుతుంది, కొందరికి మోగదు. మోగినవాళ్లు తరగతిలోనో ఇంట్లో పెద్దవాళ్ల పక్కనో ఉంటే వెంటనే మూసేస్తారు. పాట బటన్ పెద్దగా, అందంగా పెట్టండి, కావాలనుకున్నవాడు నొక్కుతాడు. మెరుపుల యానిమేషన్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. సెకనుకి మూడు సార్లకు మించి మెరిసేది ఏదీ ఉండకూడదు, కాంతి మెరుపులకు మూర్ఛ వచ్చే మనుషులుంటారు. ఫోనులో కదలికలు తగ్గించమని పెట్టుకున్నవాళ్లకు యానిమేషన్ ఆగిపోయేలా ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ నియమం రాయండి. ఈ ఒక్క విషయంలో రూపు కోసం బేరం ఆడకండి.

వేగం

కొండ ప్రాంతాల్లో సిగ్నల్ ఒక మలుపులో ఉంటుంది, మరో మలుపులో పోతుంది. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్కుని స్లో 4జీకి, తర్వాత 3జీకి తగ్గించి, అందులోనే ఉన్న లైట్‌హౌస్ అనే పరీక్ష సాధనం నడపండి. చూడాల్సినవి మూడు. ముఖ్యమైన భాగం కనిపించే సమయం 2.5 సెకన్లలోపు, నొక్కితే స్పందన 200 మిల్లీసెకన్లలోపు (ఇది లైట్‌హౌస్ మామూలు పరీక్షలో తేలదు, పర్ఫార్మెన్స్ పేనెల్ తెరిచి నొక్కి చూడాలి), పేజీ ఎగిరిపడే కొలత 0.1 లోపు. పేజీ పైన ఉన్న మీ పొగమంచు వీడియో మొదటిదాన్ని చంపుతోంది. దాని బదులు ఒకే నిశ్చల చిత్రాన్ని వెబ్‌పీ అనే చిన్న సైజు ఫైలు రూపంలో 100 కేబీలోపు కుదించి పెట్టండి. ఆ చిత్రం కూడా నార్వే పైన్ అడవి దేనికి? మహేంద్రగిరి మీద వానాకాలపు మంచు, దేవమాలి గడ్డి కొండలు మన దగ్గరే ఉన్నాయి, దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. బరంపురం ఠాకురాణి జాతరలో బాఘ నాచ, అంటే పులి వేషం వేసేవాళ్ల ఒంటి చారలు ఏ ముళ్ల తీగ కంటే తక్కువ? వేరేవాళ్ల రూపుని కాపీ కొట్టిన సైటు గుర్తు పరీక్షలో కూడా నెగ్గదు. మహేంద్రగిరి ఫోటోలు వాడితే కొండనూ మంచునూ తీసుకోండి, పైనున్న గుళ్లను పుర్రెల పక్కన పెట్టకండి, అనవసరంగా మనసులు నొస్తాయి.

మనుషులతో పరీక్ష

పైన చెప్పినవన్నీ మీరే కూర్చుని పట్టుకోగలిగే తప్పులు. అవి సరిచేశాకే మనుషుల్ని పిలవండి, లేకపోతే వచ్చినవాళ్లందరూ ఎరుపు అక్షరాల గురించే చెబుతారు.

ఐదుగురితో పరీక్షిస్తే ఎక్కువ సమస్యలు బయటపడతాయన్న మాట విని ఉంటారు. వాడకం పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ లెక్క అది: ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యలు బయటపెడితే ఐదుగురితో దాదాపు 85 శాతం తేలతాయి. ఆ ఐదుగురూ ఒకే రకం వాడుకరులైతేనే ఆ లెక్క నిలుస్తుంది. మూడు గుంపులుంటే గుంపుకి ముగ్గురు చొప్పున తీసుకోమని ఆయనే అంటాడు. మీకు కావలసిన మూడు గుంపులు ఇవి. మెటల్ బాగా తెలిసి తెలుగు చదివేవాళ్లు. మెటల్ బాగా తెలిసి ఒడియా మాత్రమే ధారాళంగా చదివేవాళ్లు. ఈ మధ్యే వినడం మొదలుపెట్టిన కొత్తవాళ్లు. మొత్తం తొమ్మిది మంది, ఒక్కొక్కరికి అరగంట. సైటు తయారీలో చెయ్యి పెట్టినవాళ్లు వద్దు. వాళ్ల సొంత ఫోనుల్లోనే చేయించండి. ఆండ్రాయిడ్ 11 నుంచి స్క్రీన్ రికార్డర్ ఫోనులోనే ఉంటుంది, ముందే అనుమతి అడిగి అది ఆన్ చేయించండి.

మొదట మొదటి పేజీని ఐదు సెకన్లు చూపించి ఫోను బోర్లించి మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి కోసం, ఇక్కడ ఏం చేయొచ్చు, ఏం గుర్తుంది? మెటల్ తెలిసినవాడు మొదటి ప్రశ్నకు తడబడితే గుర్తు బలహీనంగా ఉంది. కొత్తవాడు రెండో ప్రశ్నకు తడబడితే పని భాగం కనిపించడం లేదు.

తర్వాత పనులు ఇవ్వండి. మీ మెనూలోని మాటలు పనిలో వాడకూడదు, వాడితే సమాధానం చెప్పేసినట్టే. "గుహలోకి వెళ్లి గిటార్ వెతుకు" అనకండి. "నీ దగ్గర ఎనిమిది వేలున్నాయి, పాత గిటార్ కొనాలి, ఎవరిని అడుగుతావు" అనండి. "వచ్చే నెలలో విశాఖలో ఏదైనా కార్యక్రమం ఉందా, అదే రాత్రి తిరిగి రాగలవా" అనండి. "నిన్న స్నేహితుడు చెప్పిన బ్యాండ్ మన జిల్లాదో కాదో తేల్చు" అంటూ లోగో బొమ్మ మాత్రం చూపండి. ఇలాంటివి నాలుగైదు చాలు. చేస్తున్నంతసేపూ మనసులో అనుకునేది పైకి చెప్పమనండి, తెలుగు ఒడియా కలిపి మాట్లాడితే అలాగే మాట్లాడనివ్వండి. మీరు నోరు మెదపకూడదు. "ఇది నొక్కనా?" అని అడిగితే "నేను లేకపోతే ఏం చేసేవాడివి?" అని తిరిగి అడగండి. సాయం చేసిన క్షణం నుంచి ఆ పని లెక్కలోకి రాదు.

రాసుకోవాల్సినవి: పని అయిందా లేదా, ఎంత సమయం పట్టింది, ఎన్నిసార్లు దారి తప్పాడు, తప్పినప్పుడు నోటి నుంచి వచ్చిన మాట యథాతథంగా. ప్రతి పని తర్వాత ఎంత తేలికగా అనిపించిందో 1 నుంచి 7 దాకా అంకె చెప్పమనండి. చివర్లో ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే పది వాక్యాల ప్రశ్నావళి ఇవ్వొచ్చు, జాన్ బ్రూక్ 1986లో తయారుచేసింది. ఒక్కో వాక్యానికి ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా అంకె చెబుతారు. బేసి వాక్యాల్లో వచ్చిన అంకె నుంచి 1 తీసేయాలి, సరి వాక్యాల్లో 5 నుంచి ఆ అంకె తీసేయాలి, మొత్తాన్ని 2.5తో హెచ్చించాలి. సగటు సైటుకి 100కి 68 వస్తుందని లెక్క. సరి వాక్యాలన్నీ వ్యతిరేకార్థంలో ఉంటాయి, తెలుగులో పెట్టినప్పుడు జనం తికమకపడతారు, అందుకే కాగితం ఇచ్చేయకుండా మీరే చదివి వినిపించండి. తొమ్మిది మందితో వచ్చిన అంకెను పట్టుకుని గర్వపడనూ వద్దు, దిగులుపడనూ వద్దు. ఎక్కడ ఆగారో అదే మీకు పనికొచ్చేది.

రూపు గురించి మీ గొడవ తేల్చడానికి మైక్రోసాఫ్ట్‌లో 2002లో తయారైన పద్ధతి ఒకటి బాగా పనికొస్తుంది. వాళ్ల దగ్గర 118 మాటల చీటీలుండేవి, మీకు ముప్పై చాలు. "మొరటు", "సొంతం", "పాతబడింది", "భయం", "గందరగోళం", "నిజాయితీ", "కాపీ", "గట్టి" లాంటివి మంచీ చెడూ కలిపి చీటీల మీద రాసి పరచండి. సైటుకి సరిపోయే ఐదు తీయమని, ఒక్కొక్కటి ఎందుకు తీశారో చెప్పమనండి. ఆ "ఎందుకు" వినడం కోసమే ఈ ఆట. ఇద్దరు "మొరటు" చీటీ తీయొచ్చు. ఒకడికి అది మెప్పు, ఇంకొకడికి బటన్ దొరకలేదన్న కోపం. కారణం అడగకపోతే రెండూ ఒకే లెక్కలో పడతాయి.

ఫలితాలు వచ్చాక ప్రతి సమస్యకీ 0 నుంచి 4 దాకా తీవ్రత వేయండి. 4 అంటే పని పూర్తిగా ఆగిపోయింది, 1 అంటే చూడ్డానికి బాగోలేదు అంతే. ముగ్గురు విడివిడిగా వేసి సగటు తీయండి, కలిసి కూర్చుని వేస్తే గొంతు పెద్దదున్నవాడి అంకె నిలబడుతుంది. 3, 4 వచ్చినవి ముందు సరిచేయండి. మెటల్ తెలిసినవాళ్లలో ఎవరూ "సొంతం", "గట్టి" చీటీలు తీయకపోతే దాన్ని కూడా 3గా లెక్కించండి, అది బటన్ దొరకనంత పెద్ద లోపమే.

సరిచేశాక అవే పనులతో మళ్లీ ముగ్గురిని పిలవండి, ముగ్గురూ కొత్తవాళ్లై ఉండాలి. పాతవాళ్లకు దారి తెలిసిపోయి ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒకరు తప్పకుండా ఒడియా లిపి మాత్రమే చదివేవాళ్లు కావాలి. బటన్ చోటు మార్చినప్పుడు తెలుగు పేజీ ఒక్కటే చూసుకుని ఒడియా పేజీని మరిచిపోవడం ఇలాంటి సైట్లలో తరచూ జరుగుతుంది.